సాకెట్.ఐఓ క్లయింట్: కనెక్షన్ తెగి కలిశాక పాత లొకేషన్లు కుప్పగా రావడం, కొందరికి అసలు రాకపోవడం

1. బస్‌బాట

అందరికీ నమస్తే. బస్సుల లైవ్ ట్రాకింగ్ పని ఇది, సర్వర్‌కూ ఫోన్లకూ మధ్య మెసేజ్‌లను అప్పటికప్పుడు చేరవేసే సాకెట్.ఐఓ లైబ్రరీతో. హైదరాబాద్–శ్రీశైలం దారి, 40 బస్సులు. డ్రైవర్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ యాప్ ఉంది, జావా క్లయింట్ 2.1.0. ప్రతి 5 సెకన్లకు లొకేషన్ పంపుతుంది. ప్రయాణికులకు రియాక్ట్‌లో రాసిన వెబ్ పేజీ, జావాస్క్రిప్ట్ క్లయింట్ 4.7. సర్వర్ నోడ్ మీద సాకెట్.ఐఓ 4.7. పీఎం2 (నోడ్ ప్రాసెస్‌లను నడిపే సాధనం) క్లస్టర్ మోడ్‌లో రెండు ప్రాసెస్‌లు, వాటి ముందు రిక్వెస్టులను అందుకుని పంపే ఎన్‌జింక్స్.

నాలుగు తిప్పలు:

ఒకటి, నల్లమలలో సిగ్నల్ పోయి తిరిగి రాగానే పాత లొకేషన్లన్నీ ఒక్క ఉదుటున వచ్చి పడతాయి. మ్యాప్ మీద బస్సు వెనక్కి దూకి, అక్కడి నుంచి పరుగు తీస్తుంది.

రెండు, ప్రయాణికుడు ఫోన్ లాక్ చేసి కాసేపాగి తెరిస్తే "కనెక్ట్ అయింది" అన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది కానీ బస్సు కదలదు. పేజీ రీఫ్రెష్ చేస్తే బాగైపోతుంది.

మూడు, కొందరికి 400 ఎర్రర్, "సెషన్ ఐడీ అన్‌నోన్" అని.

నాలుగు, ఒక్కో అప్‌డేట్ రెండుసార్లు, మూడుసార్లు అందుతోంది. సర్వర్ లాగ్‌లో చూస్తే ఒక్కసారే పంపింది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

2. గోదారిగట్టు

రెండో, నాలుగో సమస్యలు కవలపిల్లలు. ముందు వాటిని చూద్దాం.

రూమ్ (ఒకే మెసేజ్ అందాల్సిన సాకెట్ల గుంపు) అనేది పూర్తిగా సర్వర్ వైపు సంగతి. "17వ నంబర్ బస్సు రూమ్‌లో ఉన్నాను" అన్న సమాచారం క్లయింట్ లైబ్రరీ దగ్గర ఉండదు. కనెక్షన్ తెగగానే సర్వర్ ఆ సాకెట్‌ను అన్ని రూమ్‌ల నుంచీ తీసేస్తుంది. తిరిగి కలిసినప్పుడు వచ్చేది కొత్త సాకెట్, దాని ఐడీ కూడా కొత్తదే. మీ కోడ్‌లో "జాయిన్" ఈవెంట్‌ను పేజీ తెరిచినప్పుడు ఒక్కసారే పంపుతున్నారనుకుంటా. అందుకే ఆకుపచ్చ చుక్క ఉన్నా బస్సు కదలదు. కనెక్షన్ ఉంది, రూమ్‌లో మాత్రం మీరు లేరు.

మందు: జాయిన్‌ను "కనెక్ట్" హ్యాండ్లర్ (కనెక్ట్ అవగానే నడిచే ఫంక్షన్) లోపల పెట్టండి. మొదటిసారి కలిసినా, పదోసారి కలిసినా ఆ హ్యాండ్లర్ నడుస్తుంది.

ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. కనెక్ట్ హ్యాండ్లర్ లోపలే "లొకేషన్" ఈవెంట్ వినే హ్యాండ్లర్ కూడా పెట్టేస్తారు. తిరిగి కలిసిన ప్రతిసారీ ఒక హ్యాండ్లర్ అదనంగా చేరుతుంది. రెండుసార్లు తెగితే ఒక్క మెసేజ్‌కు మీ ఫంక్షన్ మూడుసార్లు నడుస్తుంది. మీ నాలుగో సమస్య ఇదే అయ్యుంటుంది. కాబట్టి పంపేవి లోపల, వినేవి బయట.

పాత ట్యుటోరియల్స్ చూసి "రీకనెక్ట్" ఈవెంట్‌ను సాకెట్ మీద వింటుంటే అది ఎప్పటికీ రాదు. 3వ వెర్షన్ నుంచి ఆ ఈవెంట్ మేనేజర్ మీదికి మారింది, అంటే సాకెట్.ఐఓ.ఆన్ అని రాయాలి. అసలు దాని అవసరం కూడా లేదు, కనెక్ట్ ఒక్కటి చాలు.

3. ప్యాకెట్‌వేట

మూడో సమస్యకు కారణం పీఎం2 క్లస్టర్.

సాకెట్.ఐఓ క్లయింట్ నేరుగా వెబ్‌సాకెట్‌తో (రెండు వైపులా మెసేజ్‌లు వెళ్లేలా తెరిచి ఉంచే కనెక్షన్‌తో) మొదలుపెట్టదు. ముందు లాంగ్ పోలింగ్‌తో, అంటే మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్టులతో హ్యాండ్‌షేక్ చేసి, ఆ తర్వాత వెబ్‌సాకెట్‌కు మారుతుంది. మొదటి రిక్వెస్టుకు ఒకటో ప్రాసెస్ సెషన్ ఐడీ ఇచ్చింది. రెండో రిక్వెస్టు రెండో ప్రాసెస్‌కు వెళ్లింది. దానికి ఆ ఐడీ సంగతే తెలియదు, అందుకని 400. అదృష్టం కొద్దీ రెండూ ఒకే ప్రాసెస్‌కు వెళ్లినవాళ్లకు పనిచేస్తుంది. "కొందరికి మాత్రమే" అన్నారు కదా, అందుకే.

ఎన్‌జింక్స్‌లో ఐపీ హ్యాష్ (ఒకే ఐపీ నుంచి వచ్చేవాటిని ఒకే ప్రాసెస్‌కు పంపడం) పెడితే సరిపోతుందని చాలామంది చెబుతారు. మీ విషయంలో సరిపోదు. పీఎం2 క్లస్టర్‌లో రెండు ప్రాసెస్‌లూ ఒకే పోర్టు మీద ఉంటాయి. ఎన్‌జింక్స్‌కు కనిపించేది ఒక్క పోర్టే, దాని వెనక పంపకం పీఎం2 చేస్తుంది. కాబట్టి ఫోర్క్ మోడ్‌కు మారి, రెండు ప్రాసెస్‌లను 3001, 3002 పోర్టుల మీద నడపండి. అప్‌స్ట్రీమ్ బ్లాకులో ఆ రెండూ రాసి ఐపీ హ్యాష్ పెట్టండి.

ఎన్‌జింక్స్ కాన్ఫిగ్‌లోని "లొకేషన్" బ్లాకులో మూడు లైన్లు తప్పనిసరి: ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1, అప్‌గ్రేడ్ హెడర్, కనెక్షన్ హెడర్‌కు "అప్‌గ్రేడ్" అన్న విలువ. ఇవి లేకపోతే వెబ్‌సాకెట్‌కు మారడం కుదరక క్లయింట్ చప్పుడు చేయకుండా పోలింగ్‌లోనే ఉండిపోతుంది. యాప్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది కనుక నెలల తరబడి ఎవరికీ తెలియదు. బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో 101 స్టేటస్ ఉన్న రిక్వెస్టు ఒకటి కనిపించాలి. కనిపించలేదంటే అప్‌గ్రేడ్ జరగలేదని అర్థం.

4. తీగలాగు

ఐపీ హ్యాష్‌తో మొబైల్ నెట్‌వర్క్‌లో రెండు చిక్కులున్నాయి. ఐపీవీ4 అయితే ఎన్‌జింక్స్ అడ్రస్‌లో మొదటి మూడు భాగాలనే చూస్తుంది. మొబైల్ ఆపరేటర్లు వేలమందిని కొద్దిపాటి పబ్లిక్ ఐపీల వెనక పెడతారు కాబట్టి ఒక ప్రాసెస్ మీద బరువంతా పడి ఇంకోటి ఖాళీగా కూర్చోవచ్చు. రెండోది, హ్యాండ్‌షేక్ మధ్యలో ఫోన్ వైఫై నుంచి 4జీకి మారితే ఐపీ మారుతుంది, మళ్లీ అదే 400.

నేనైతే డ్రైవర్ యాప్‌లో పోలింగ్ పూర్తిగా తీసేస్తాను. ట్రాన్స్‌పోర్ట్స్ ఆప్షన్‌లో వెబ్‌సాకెట్ ఒక్కటే ఇస్తే కనెక్షన్ మొదటి నుంచి చివరి దాకా ఒకే టీసీపీ మీద ఉంటుంది, స్టికీ సెషన్ (ఒక క్లయింట్‌ను ఎప్పుడూ ఒకే ప్రాసెస్‌కు పంపడం) గొడవే లేదు. డ్రైవర్ ఫోన్లు మీవే, సిమ్‌లు మీవే, మధ్యలో ఆఫీసు ప్రాక్సీలు లేవు.

ప్రయాణికుల పేజీకి మాత్రం పోలింగ్ ఉంచండి. కొన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లు వెబ్‌సాకెట్‌ను అడ్డుకుంటాయి. వెబ్‌సాకెట్ ముందు, పోలింగ్ వెనక అని వరుస మార్చి రాస్తే, మొదటిది విఫలమైనప్పుడు రెండోదానికి తనంతట తాను వెళ్తుందని అనుకోకండి. 4.8లో వచ్చిన "ట్రై ఆల్ ట్రాన్స్‌పోర్ట్స్" ఆప్షన్ ఆన్ చేస్తేనే వెళ్తుంది. మీరు 4.7లో ఉన్నారు కాబట్టి కనెక్ట్ ఎర్రర్ హ్యాండ్లర్‌లో ట్రాన్స్‌పోర్ట్స్ వరుసను మీరే మార్చాలి.

5. ప్యాకెట్‌వేట

తీగలాగు గారు చెప్పింది నిజం, డ్రైవర్ వైపు వెబ్‌సాకెట్ ఒక్కటే చాలు.

ఇంకోటి మరిచాను. బస్‌బాట గారూ, రెండు ప్రాసెస్‌లు అన్నారు, అడాప్టర్ గురించి ఏమీ రాయలేదు. రెడిస్ అడాప్టర్ (రెడిస్ అనే డేటా స్టోర్ ద్వారా ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసేది) లేకపోతే రూమ్‌కు పంపిన మెసేజ్ ఆ ప్రాసెస్‌కు కనెక్ట్ అయినవాళ్లకే వెళ్తుంది. డ్రైవర్ ఒకటో ప్రాసెస్‌లో ఉంటే రెండో ప్రాసెస్‌లో ఉన్న ప్రయాణికులకు ఏమీ అందదు. "రీఫ్రెష్ చేస్తే బాగైపోతుంది" అన్నారే, అందులో సగం ఇదే కావచ్చు. రీఫ్రెష్‌తో అవతలి ప్రాసెస్‌కు వెళ్లి ఉంటారు.

6. కొత్తచిగురు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదంతా వెబ్‌సాకెటే కదా, మామూలు వెబ్‌సాకెట్ టూల్‌తో ఈ సర్వర్‌కు కనెక్ట్ అయితే ఎందుకు తెగిపోతోంది? కనెక్ట్ అయినట్టే చూపించి, కాసేపటికి మూసేస్తోంది.

7. గోదారిగట్టు

మంచి ప్రశ్న అడిగారు. సాకెట్.ఐఓ వెబ్‌సాకెట్‌ను వాడుకుంటుంది, కానీ దాని మీద తన భాష వేరు. ఆ భాష రాని క్లయింట్‌ను సర్వర్ మూసేస్తుంది.

ఆ భాషను కళ్లతో చూడొచ్చు. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో డబ్ల్యూఎస్ ఫిల్టర్ నొక్కి, ఆ కనెక్షన్ మీద క్లిక్ చేసి మెసేజెస్ చూడండి. పోలింగ్ లేకుండా నేరుగా వెబ్‌సాకెట్ అయితే వరుస ఇలా ఉంటుంది.

సర్వర్ నుంచి మొదట సున్నాతో మొదలయ్యే ఒక లైను వస్తుంది. అందులో సెషన్ ఐడీ, పింగ్ ఇంటర్వల్ 25000, పింగ్ టైమవుట్ 20000, మ్యాక్స్ పేలోడ్ 1000000 అని కనిపిస్తాయి. క్లయింట్ "40" పంపుతుంది, నేమ్‌స్పేస్‌లో చేరతానని అడగడం అది. సర్వర్ "40" తోనే, సాకెట్ ఐడీ కలిపి జవాబిస్తుంది. అప్పటి నుంచి ప్రతి ఈవెంట్ "42" తో మొదలవుతుంది: 4 అంటే ఇంజిన్.ఐఓ మెసేజ్, 2 అంటే సాకెట్.ఐఓ ఈవెంట్, దాని వెనక ఈవెంట్ పేరు, డేటా ఉన్న అర్రే. మధ్యమధ్యలో సర్వర్ నుంచి ఒంటరి "2" వస్తుంది, అది పింగ్. క్లయింట్ "3" అంటుంది, అది పాంగ్.

మీ టూల్ "40" పంపలేదు, పింగ్‌కు "3" అనలేదు. అందుకే మూసేసింది. చేత్తో "40" టైప్ చేసి పంపి చూడండి, జవాబు వస్తుంది. ఈ నాలుగైదు అంకెలు కంటికి అలవాటైతే సగం సమస్యలు లాగ్ రాయకుండానే తెలిసిపోతాయి. బస్‌బాట గారి రెండో సమస్యలో, కనెక్షన్ తిరిగి కలిశాక "40" కనిపిస్తుంది కానీ జాయిన్ తాలూకు "42" కనిపించదు.

పోలింగ్ నుంచి మారిన కనెక్షన్ అయితే వెబ్‌సాకెట్‌లో మొదట "2ప్రోబ్", "3ప్రోబ్", తర్వాత "5" కనిపిస్తాయి. ఆ "5" అప్‌గ్రేడ్ పూర్తయిందన్న గుర్తు.

8. బస్‌బాట

చాలా ఉపయోగపడింది. జాయిన్ మార్చాను, వినే హ్యాండ్లర్లు బయటికి తీశాను, ఫోర్క్ మోడ్, రెడిస్ అడాప్టర్ పెట్టాను. 400 పోయింది. రెండో సమస్య పోయింది. డూప్లికేట్లు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లి వెనక్కి వస్తే మళ్లీ రెండు.

ఇక అసలు తలనొప్పి, నల్లమల కుప్ప. దాని సంగతి?

9. చదరపుటద్దం

రియాక్ట్ సంగతి నేను చెబుతాను. పేజీ వదిలినప్పుడు హ్యాండ్లర్ తీసేయడం లేదు, లేదా తీసేస్తున్నాననుకుని వేరే ఫంక్షన్ ఇస్తున్నారు. ఆన్‌కు ఇచ్చిన అదే ఫంక్షన్‌ను ఆఫ్‌కు ఇవ్వాలి. రెండుచోట్లా విడివిడిగా యారో ఫంక్షన్ (=> గుర్తుతో రాసే పేరులేని ఫంక్షన్) రాస్తే అవి చూడ్డానికి ఒకటే అయినా జావాస్క్రిప్ట్‌కు వేర్వేరు, ఆఫ్ ఏమీ తీసేయదు. యూజ్ ఎఫెక్ట్ లోపల పేరున్న ఫంక్షన్ ఒకటి పెట్టి, ఆన్‌కూ, క్లీనప్‌లో ఆఫ్‌కూ ఆ పేరే ఇవ్వండి. ఫంక్షన్ పేరు ఇవ్వకుండా ఈవెంట్ పేరు మాత్రమే ఆఫ్‌కు ఇస్తే వేరే కాంపోనెంట్లు పెట్టుకున్న హ్యాండ్లర్లు కూడా ఎగిరిపోతాయి, జాగ్రత్త.

సాకెట్‌ను కాంపోనెంట్ లోపల సృష్టించకండి. విడిగా ఒక ఫైల్‌లో ఒక్కసారి సృష్టించి, ఆటో కనెక్ట్ ఫాల్స్ పెట్టి, అవసరమైన చోట కనెక్ట్ పిలవండి. రియాక్ట్ 18 స్ట్రిక్ట్ మోడ్ డెవలప్‌మెంట్‌లో ప్రతి ఎఫెక్ట్‌ను రెండుసార్లు నడుపుతుంది. అది చూసి స్ట్రిక్ట్ మోడ్ తీసేసేవాళ్లున్నారు. తీయకండి, మీ క్లీనప్ తప్పుగా ఉందని చూపిస్తున్నది అదే.

10. తీగలాగు

నల్లమల కుప్ప గురించి.

కనెక్షన్ లేనప్పుడు మీరు ఎమిట్ చేసినవన్నీ, అంటే పంపమన్నవన్నీ, క్లయింట్ పారేయదు, బఫర్‌లో దాచుకుంటుంది. కలవగానే వరుసగా పంపేస్తుంది. 5 సెకన్లకు ఒకటంటే నిమిషానికి 12. పది నిమిషాలు సిగ్నల్ లేకపోతే 120 పాత లొకేషన్లు. చాట్‌కు ఈ బఫర్ వరం. లొకేషన్‌కు మాత్రం పది నిమిషాల కిందటి బిందువుతో ప్రయాణికుడికి పని లేదు.

జావాస్క్రిప్ట్ క్లయింట్‌లో అయితే వోలటైల్ ఎమిట్ వాడితే సరి, కనెక్షన్ లేకపోతే ఆ మెసేజ్ అక్కడే పోతుంది. మీది జావా కాబట్టి ఎమిట్‌కు ముందు కనెక్టెడ్ ఉందా అని చూసి, లేకపోతే పంపకండి. చివరి బిందువును ఒక్క వేరియబుల్‌లో ఉంచుకుని, కనెక్ట్ హ్యాండ్లర్‌లో ఆ ఒక్కటే పంపండి.

11. ప్యాకెట్‌వేట

దానితోనే ఆగితే కొంత మిగులుతుంది. కనెక్టెడ్ అన్నది లైబ్రరీ నమ్మకం మాత్రమే. సిగ్నల్ పోయిన క్షణంలో ఎవరూ వచ్చి చెప్పరు, టీసీపీ తెగినట్టు కబురు రాదు. క్లయింట్ 25 సెకన్లలో పింగ్ రావాలని చూసి, ఇంకో 20 సెకన్లు ఆగి, అప్పుడు "పింగ్ టైమవుట్" అని మూస్తుంది. అంటే దాదాపు 45 సెకన్ల దాకా కనెక్టెడ్ అని నిజమనే చెబుతుంది. ఆ లోపు వెళ్లిన తొమ్మిది లొకేషన్లు ఫోన్ టీసీపీ బఫర్‌లో ఉంటాయి. సిగ్నల్ 30 సెకన్లలో తిరిగి వస్తే ఆలస్యంగా కుప్పగా అందుతాయి, రాకపోతే కనెక్షన్‌తో పాటే పోతాయి.

అందుకే ప్రతి లొకేషన్‌లో జీపీఎస్ బిందువు తీసిన సమయం పెట్టండి. ఫోన్ గడియారం కాదు, జీపీఎస్ ఇచ్చిన సమయం. సర్వర్‌లో బస్సుకు చివరి సమయం దాచి, దానికంటే పాతది వస్తే ప్రయాణికులకు పంపకండి. వరుసగా వచ్చే కుప్పను ఇదొక్కటే ఆపదు, ఎందుకంటే కుప్పలో ఒకదానికంటే ఒకటి కొత్తదే. కాబట్టి ఇంకో షరతు కావాలి: సర్వర్ సమయానికి 20 సెకన్ల కంటే పాత బిందువైతే డేటాబేస్‌లో రాయండి, మ్యాప్‌కు పంపకండి.

ఈ పింగ్ సంఖ్యలు సర్వర్‌లో మాత్రమే మార్చగలరు. హ్యాండ్‌షేక్‌లో సర్వర్ చెప్పిందే క్లయింట్ పాటిస్తుంది, క్లయింట్ ఆప్షన్లలో రాస్తే ఏమీ కాదు. 2వ వెర్షన్‌లో పింగ్ పంపేది క్లయింట్. బ్రౌజర్లు వెనక ఉన్న ట్యాబ్‌లో టైమర్లను నెమ్మది చేస్తుంటే అనవసరంగా తెగేది. 3 నుంచి సర్వర్ పింగ్ పంపుతుంది, ఆ బాధ తప్పింది.

12. బస్‌బాట

అయితే పింగ్ ఇంటర్వల్ 5, టైమవుట్ 5 పెట్టేస్తే? పది సెకన్లలో తెలిసిపోతుంది కదా.

13. ప్యాకెట్‌వేట

వద్దండి. బలహీనమైన సిగ్నల్‌లో ఒక్క ప్యాకెట్ పోయి టీసీపీ దాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంటే ఐదారు సెకన్లు ఇట్టే గడుస్తాయి. బతికే ఉన్న కనెక్షన్‌ను మీరే చంపి, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) ఏర్పాటుతో సహా అంతా మొదటి నుంచి చేయిస్తారు. ఆ బలహీన సిగ్నల్‌లో అదే ఎక్కువ బరువు. పైగా ఈ సంఖ్య ప్రయాణికుల ఫోన్లకూ వర్తిస్తుంది, ప్రతి పింగ్‌కూ వాళ్ల ఫోన్ రేడియో నిద్ర లేస్తుంది. 15, 15 వరకు వెళ్లండి, అంతకు దిగకండి. తొందరగా తెలియాలంటే డ్రైవర్ యాప్‌లో లొకేషన్‌కే అక్నాలెడ్జ్‌మెంట్ (అందిందన్న జవాబు) అడగండి, వరుసగా మూడుసార్లు 8 సెకన్లలో జవాబు రాకపోతే డిస్‌కనెక్ట్ చేసి కనెక్ట్ చేయండి. ఆ ఖర్చు ఆ 40 ఫోన్లకే పరిమితం.

ఎన్‌జింక్స్ ప్రాక్సీ రీడ్ టైమవుట్ మామూలుగా 60 సెకన్లు. పింగ్ ఇంటర్వల్ దానికంటే తక్కువ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పింగ్‌ను 60 దాటిస్తే మాత్రం సరిగ్గా నిమిషానికోసారి "ట్రాన్స్‌పోర్ట్ క్లోజ్" కనిపిస్తుంది. తెగడంలో ఇలాంటి గడియారం లాంటి లయ కనిపిస్తే నెట్‌వర్క్‌ను అనుమానించకండి, మధ్యలో ఎవరిదో టైమవుట్ అని వెతకండి.

14. ఆండ్రాయిడ్ అరుగు

డ్రైవర్ యాప్ వైపు కొన్ని, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి.

జావా క్లయింట్ హ్యాండ్లర్లు మెయిన్ థ్రెడ్ మీద నడవవు. అందులోంచి నేరుగా టెక్స్ట్‌వ్యూ మారిస్తే యాప్ పడిపోతుంది. రన్ ఆన్ యూఐ థ్రెడ్‌లో పెట్టండి.

ఛార్జింగ్‌లో లేని ఫోన్ స్క్రీన్ ఆపిన కాసేపటికి ఆండ్రాయిడ్ డోజ్ (బ్యాటరీ ఆదా పద్ధతి) నెట్‌వర్క్‌ను అడ్డుకుంటుంది. సాకెట్‌ను యాక్టివిటీలో కాకుండా ఫోర్‌గ్రౌండ్ సర్వీసులో పెట్టండి, రకం "లొకేషన్" అని మానిఫెస్ట్‌లో రాయండి. ఆండ్రాయిడ్ 14ను టార్గెట్ చేస్తే ఆ రకం రాయకుండా సర్వీసు మొదలే కాదు. ఆ సర్వీసుకు నోటిఫికేషన్ ఉండాల్సిందే. బ్యాటరీ ఆప్టిమైజేషన్ జాబితాలోంచి యాప్‌ను తీయమని డ్రైవర్లకు చూపించండి.

వైఫై నుంచి 4జీకి మారినప్పుడు 45 సెకన్లు వేచి ఉండక్కర్లేదు. కనెక్టివిటీ మేనేజర్ నెట్‌వర్క్ కాల్‌బ్యాక్‌లో కొత్త నెట్‌వర్క్ వచ్చిందని తెలియగానే డిస్‌కనెక్ట్, కనెక్ట్ చేయండి.

వెర్షన్ పొత్తు: సర్వర్ 3 లేదా 4 అయితే జావా క్లయింట్ 2 వరుస, సర్వర్ 2 అయితే జావా క్లయింట్ 1 వరుస. అంకెలు ఒకటి కావు, ఇక్కడే చాలామంది పొరబడతారు. కొత్త సర్వర్‌కు పాత క్లయింట్ జత పెడితే 400తో "అన్‌సపోర్టెడ్ ప్రోటోకాల్ వెర్షన్" వస్తుంది. పాత యాప్‌లు ఇంకా ఫోన్లలో ఉంటే సర్వర్‌లో "అలౌ ఈఐఓ3" ఆన్ చేసి కొంతకాలం రెండింటినీ నడపొచ్చు.

ఎమ్యులేటర్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఎమ్యులేటరే. మీ కంప్యూటర్‌కు 10.0.2.2 వాడాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి సాదా హెచ్‌టీటీపీ మూసి ఉంటుంది, టెస్టింగ్‌కు క్లియర్‌టెక్స్ట్ అనుమతి విడిగా ఇవ్వాలి.

15. బస్‌బాట

ఆండ్రాయిడ్ అరుగు గారూ, టోకెన్ గురించి ఒక మాట. లాగిన్ టోకెన్ గంటకు గడువు తీరుతుంది. ఆ తర్వాత కనెక్షన్ తెగితే డ్రైవర్ యాప్ ఇక కలవడం లేదు. తిరిగి ప్రయత్నించడం కూడా ఆపేస్తోంది. ఎందుకు ఆపుతుంది?

16. ఆండ్రాయిడ్ అరుగు

కనెక్ట్ ఎర్రర్‌లో రెండు రకాలు. నెట్‌వర్క్ అందకపోవడం ఒకటి, దానికి లైబ్రరీ తనే ప్రయత్నిస్తూ ఉంటుంది. సర్వర్ మిడిల్‌వేర్ (కలిసేటప్పుడు తనిఖీ చేసే కోడ్) "నువ్వు ఎవరో తెలియదు" అని తిరస్కరించడం ఇంకోటి, దానికి ప్రయత్నించదు. అదే టోకెన్‌తో వందసార్లు వెళ్లినా జవాబు అదే కదా. కొత్త టోకెన్ పెట్టి మీరే కనెక్ట్ పిలవాలి.

జావాలో ఆథ్ మ్యాప్‌లో కొత్త టోకెన్ పెట్టి, కనెక్ట్ ఎర్రర్ హ్యాండ్లర్‌లో కనెక్ట్ అనండి. ఆ మ్యాప్‌ను హ్యాష్‌మ్యాప్‌గా సృష్టించండి. సింగిల్టన్ మ్యాప్ అయితే మార్చడానికి వీల్లేక ఎక్సెప్షన్ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఆథ్‌కు ఆబ్జెక్ట్ బదులు ఫంక్షన్ ఇవ్వండి, ప్రతి కనెక్షన్‌కూ అది నడిచి తాజా టోకెన్ తీసుకుంటుంది.

అలాగే సర్వర్ తనంతట డిస్‌కనెక్ట్ చేస్తే, కారణం "ఐఓ సర్వర్ డిస్‌కనెక్ట్" అని వస్తుంది. అప్పుడూ లైబ్రరీ తిరిగి ప్రయత్నించదు. డిస్‌కనెక్ట్ హ్యాండ్లర్‌లో కారణాన్ని తప్పకుండా లాగ్ చేయండి. "పింగ్ టైమవుట్", "ట్రాన్స్‌పోర్ట్ క్లోజ్", "ట్రాన్స్‌పోర్ట్ ఎర్రర్" అయితే ఊరుకోండి, అదే కలుస్తుంది.

ఒక హెచ్చరిక: టోకెన్‌ను సర్వర్ చూసేది కలిసేటప్పుడు ఒక్కసారే. గడువు తీరినా తెగని కనెక్షన్ అలాగే బతికి ఉంటుంది. ఉద్యోగం మానేసిన డ్రైవర్ ఫోన్ రోజంతా లొకేషన్ పంపగలదు. కనెక్షన్‌లో గడువు సమయం గుర్తుపెట్టుకుని, ఆ వేళకు సర్వరే తెంచాలి.

17. తీరంగాలి

నాది వేరే అభిప్రాయం. డ్రైవర్ వైపు ఎమ్‌క్యూటీటీ (చిన్న పరికరాలకు సరిపోయే తేలికైన మెసేజింగ్ ప్రోటోకాల్) పెట్టుకుంటే ఇందులో సగం రాయక్కర్లేదు. రిటెయిన్డ్ మెసేజ్ అని ఉంది. టాపిక్‌లో చివరి లొకేషన్‌ను బ్రోకర్ (మెసేజ్‌లు పంచే మధ్యవర్తి సర్వర్) దాచి, కొత్తగా చేరినవారికి వెంటనే ఇస్తుంది. హెడర్ కనీసం 2 బైట్లే. క్యూఓఎస్ (అందుతుందన్న హామీ స్థాయి) సున్నా లొకేషన్‌కు, ఒకటి అత్యవసర మెసేజ్‌కు. డ్రైవర్ ఫోన్ మాయమైతే లాస్ట్ విల్ మెసేజ్ బ్రోకరే పంపుతుంది. సాకెట్.ఐఓ చాట్‌లకు, డ్యాష్‌బోర్డులకు బాగుంటుంది, కదిలే పరికరానికైతే ఎమ్‌క్యూటీటీ సరిగ్గా పుట్టింది.

18. గోదారిగట్టు

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం సర్వర్ ఇప్పటికే నడుస్తోంది. 40 ఫోన్ల కోసం బ్రోకర్ ఒకటి, దాని పాస్‌వర్డ్‌లు, దాని పర్మిషన్లు, దాని నిఘా అదనంగా నెత్తికెత్తుకోవాలి. రిటెయిన్డ్ మెసేజ్ చేసే పని జాయిన్ హ్యాండ్లర్‌లో మూడు లైన్లతో వస్తుంది. ప్రయాణికుడు జాయిన్ అనగానే ఆ బస్సు చివరి లొకేషన్‌ను రెడిస్ నుంచి తీసి జాయిన్ జవాబులోనే పంపండి. ఇది లేకపోతే మ్యాప్ మొదటి 5 సెకన్లు ఖాళీగా ఉంటుంది, బస్సు సిగ్నల్ లేని చోట ఉంటే పది నిమిషాలు ఖాళీ.

కనెక్షన్ స్టేట్ రికవరీ అని 4.6లో వచ్చింది, తెగిన 2 నిమిషాల లోపు కలిస్తే తప్పిన మెసేజ్‌లు ఇస్తుంది. మీకు దాని అవసరం లేదు, పైగా మామూలు రెడిస్ అడాప్టర్‌తో అది పనిచేయదు. రెడిస్ స్ట్రీమ్స్ అడాప్టర్ కావాలి.

పోగొట్టుకోకూడనిది మీ యాప్‌లో ఏమైనా ఉందా? అత్యవసర బటన్, "ప్రయాణికుడు ఎక్కాడు" లాంటివి? వాటికి ఇందాకటి లొకేషన్ సూత్రం వాడకూడదు.

19. బస్‌బాట

ఉన్నాయి. అత్యవసర బటన్ ఉంది. ఎక్కిన లెక్క కూడా ఉంది, డ్రైవర్ టికెట్ స్కాన్ చేస్తాడు. ఇప్పుడు రెండూ మామూలు ఎమిట్‌తోనే పోతున్నాయి.

20. గోదారిగట్టు

అవి వెంటనే మార్చండి. సాకెట్.ఐఓ మామూలుగా హామీ ఇచ్చేది "మహా అయితే ఒక్కసారి". వరుస తప్పదు, కానీ అందుతుందన్న హామీ లేదు. ఆ 45 సెకన్లలో పంపిన అత్యవసర కబురు ఎవరికీ చేరకుండా పోవచ్చు, డ్రైవర్ తెర మీద మాత్రం "పంపబడింది" అని ఉంటుంది. అది చాలా ప్రమాదం.

ముందు ఫోన్‌లో స్థానిక డేటాబేస్‌లో రాయండి, యూయూఐడీ (మరోచోట రాని గుర్తింపు సంఖ్య) ఒకటి ఫోన్‌లోనే సృష్టించి దానికి తగిలించండి. అప్పుడు అక్నాలెడ్జ్‌మెంట్ కాల్‌బ్యాక్‌తో ఎమిట్ చేయండి. సర్వర్ డేటాబేస్‌లో రాసిన తర్వాతే కాల్‌బ్యాక్ పిలవాలి, అంతకుముందు కాదు. 5 సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ పంపండి. జవాబు వచ్చాకే ఫోన్‌లోని వరుసను తొలగించండి, తెరమీద టిక్ కూడా అప్పుడే.

మళ్లీ పంపడమంటే డూప్లికేట్లు ఖాయం. సర్వర్ రాసింది, జవాబు దారిలో పోయింది, ఫోన్ మళ్లీ పంపింది. యూయూఐడీ కాలమ్ మీద యునీక్ ఇండెక్స్ పెట్టి, ఉన్నదే వస్తే వదిలేసి "అందింది" అనే జవాబివ్వండి. ఎర్రర్ ఇచ్చారో, ఫోన్ అనంతంగా పంపుతూనే ఉంటుంది.

అత్యవసర బటన్‌కు 15 సెకన్లలో జవాబు రాకపోతే ఎస్‌ఎంఎస్ దారి కూడా పెట్టండి. డేటా లేని చోట కూడా ఎస్‌ఎంఎస్ వెళ్లే అవకాశం ఉంటుంది.

21. చదరపుటద్దం

తెలుగులో స్టాప్ పేర్లు పంపుతున్నారా? యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. "బస్సు" అన్నది కంటికి రెండక్షరాలు, లోపల బ, స, పొల్లు, స, కొమ్ము కలిపి ఐదు సంకేతాలు, 15 బైట్లు. "విజయవాడ" 21 బైట్లు. ప్రతి 5 సెకన్లకు పేరు మోయడం దండగ. స్టాప్ నంబర్ పంపి, పేర్ల పట్టిక క్లయింట్‌లో ఉంచండి.

బ్యాకెండ్‌లో ఎక్కడైనా పైథాన్ ఉంటే, అక్కడి జేసన్ డంప్స్ మామూలుగా ఒక్కో తెలుగు సంకేతాన్ని ఆరు అక్షరాల ఎస్కేప్‌గా రాస్తుంది. 15 బైట్ల "బస్సు" 30 అవుతుంది. ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ పెట్టాలి.

ఒక్క మెసేజ్ 10 లక్షల బైట్లు దాటితే సర్వర్ కనెక్షన్నే తెంచేస్తుంది, ఎర్రర్ మెసేజ్ కూడా స్పష్టంగా ఉండదు. టికెట్ ఫొటోలు ఇందులో పంపకండి, వాటికి మామూలు హెచ్‌టీటీపీ అప్‌లోడ్.

22. బస్‌బాట

అన్నీ పెట్టాను. ఫోన్‌ను పది నిమిషాలు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి తీస్తే ఒకే ఒక్క లొకేషన్ వచ్చింది, బస్సు వెనక్కి దూకలేదు. మధ్యలో నొక్కిన అత్యవసర బటన్ కలిసిన వెంటనే చేరింది, డేటాబేస్‌లో ఒక్క వరుసే.

చివరి ప్రశ్న. కొత్త కోడ్ కోసం సర్వర్ రీస్టార్ట్ చేస్తే పండగ రోజుల్లో వేలమంది ఒకేసారి తిరిగి కనెక్ట్ అవుతారు. అప్పుడు?

23. ప్యాకెట్‌వేట

ఒక పరీక్ష మిగిలింది, అది ముందు చెబుతాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే ఫోన్‌కు నెట్‌వర్క్ పోయిందని తెలిసిపోతుంది. నల్లమలలో చాలాసార్లు అలా తెలియదు, సిగ్నల్ గీతలు ఉంటాయి, డేటా కదలదు. దాన్ని పరీక్షించడానికి ఫోన్‌ను వైఫైలో ఉంచి, రూటర్‌కు ఇంటర్నెట్ తీగ మాత్రం పీకండి. అప్పుడే మీ 8 సెకన్ల అక్నాలెడ్జ్‌మెంట్ లెక్క నిజంగా పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

రీస్టార్ట్ సంగతి: క్లయింట్ మొదటి ప్రయత్నం అర సెకను నుంచి ఒకటిన్నర సెకన్ల మధ్య, రెండోది 1 నుంచి 3, మూడోది 2 నుంచి 5, ఆపైన 5 సెకన్లకొకటి. వేలమందికి 5 సెకన్లు ఇరుకు. ప్రయాణికుల పేజీలో రీకనెక్షన్ డిలే 2000, డిలే మ్యాక్స్ 30000 పెట్టండి, రాండమైజేషన్ ఫ్యాక్టర్ 0.5 అలాగే ఉంచండి. డ్రైవర్ యాప్‌కు పాత సంఖ్యలే ఉండనివ్వండి, వాళ్లు ముందు కలవాలి. 3001 పోర్టు ప్రాసెస్‌ను ముందు ఆపి, కొత్తది పూర్తిగా లేచాక 3002 ఆపండి.

సర్వర్‌లో ఓపెన్ ఫైల్స్ పరిమితి చూసుకోండి. చాలా లినక్స్ యంత్రాల్లో అది 1024 దగ్గర ఉంటుంది, ఒక్కో కనెక్షన్‌కు ఒకటి ఖర్చవుతుంది. ఎన్‌జింక్స్‌లో ఒక్కో ప్రయాణికుడికి రెండు, ఒకటి ఫోన్ వైపు, ఒకటి నోడ్ వైపు. వర్కర్ కనెక్షన్స్‌ను కూడా ఆ లెక్కనే పెంచండి.